చిప్పు లేని కార్డు దేనికి? పాత డ్యూయల్ ప్రాసెసర్ బోర్డుల్లో పేరు తెలియని భాగాల కథ

ఈ ఎపిసోడ్ కొంచెం పొడుగు, ముందే చెప్తున్నా. వీడియో చూడ్డానికి డేటా సరిపోని వాళ్లు ఇక్కడ చదువుకోవచ్చు.

మీ చేతిలో ఉన్న ఫోన్‌లో ఎనిమిది కోర్లు ఉంటాయి. అవి ఒకదానితో ఒకటి ఎట్లా మాట్లాడుకుంటాయో మనం ఏ రోజూ ఆలోచించం. పాతికేళ్ల కింద రెండంటే రెండు ప్రాసెసర్లు ఒక బోర్డు మీద కలిసి పని చేయాలంటే పెద్ద పంచాయితీ. ఆ పంచాయితీ తీర్చడానికి బోర్డు మీద ఏవేవో కార్డులు, ఏవేవో చిప్పులు పెట్టేవాళ్లు. మామూలు పీసీ విప్పి చూసినవాళ్లకు కూడా అవి తెలియవు. ఇప్పుడు ఆ బోర్డులన్నీ మన ఊళ్ల గుజిరీ అంగళ్లలో కిలోల లెక్కన పోతా ఉన్నాయి. గుజిరీ అంటే పాత ఇనుప సామాన్ల అంగడి, వేరే జిల్లాల వాళ్ల కోసం చెప్తున్నా. మదనపల్లె, కుప్పం, పుంగనూరు, ఈ మూడు ఊళ్లలో నా కళ్లబడిన భాగాలే ఈ రోజు టాపిక్.

మొదటిది మదనపల్లెలో దొరికింది. ఫొటో చూడండి. పచ్చ కార్డు, అరచెయ్యి పొడుగు ఉంటుంది. కింద అంచున బంగారు రంగు పళ్లు. పైన వరసగా బియ్యం గింజల్లో సగం ఉండే నల్ల రెసిస్టర్లు. అంతే. ప్రాసెసర్ లేదు, మెమరీ లేదు, ఫ్యాన్ లేదు, ఒక్క చిప్పు కూడా లేదు. అంగడాయన దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఏమప్పా, ఇందులో ఏముందని తీసుకుంటా ఉండావు? ఉత్త అట్టే కదా" అన్నాడు. ఆయన లెక్కలో అది కరెక్టే. బంగారం తీసేవాళ్లు పళ్లు కత్తిరించుకుంటారు, మిగిలింది పారేస్తారు.

ఇట్లాంటి భాగం కనిపించినప్పుడు గూగుల్‌లో ఫొటో వేయడం కంటే ముందు చేయాల్సిన పని పళ్లు లెక్కపెట్టడం. దీనికి ఒక పక్క 121, ఇంకో పక్క 121, మొత్తం 242. ఈ లెక్క ఒక ఫేమస్ స్లాటుది. ఇంటెల్ వాళ్ల స్లాట్ 1. 1997లో పెంటియం 2 వచ్చినప్పుడు ప్రాసెసర్‌ని నల్లటి క్యాసెట్ లాంటి డబ్బాలో పెట్టి, బోర్డు మీద నిలువుగా గుచ్చే పద్ధతి పెట్టారు కదా, ఆ స్లాటు. అంటే ఈ కార్డు ప్రాసెసర్ కూర్చోవాల్సిన చోట కూర్చునే కార్డు. కానీ దీని మీద ప్రాసెసర్ లేదు. ఎందుకు?

దీని పేరు టెర్మినేటర్ కార్డు. ఆర్నాల్డ్ సినిమా గుర్తొస్తే నవ్వుకోండి, పర్లేదు. రెండు స్లాట్లున్న బోర్డులో ఒకే ప్రాసెసర్ పెట్టుకుంటే, ఖాళీగా ఉన్న రెండో స్లాటులో ఈ కార్డు గుచ్చాలి. అప్పటి చాలా బోర్డులు ఇది లేకపోతే అసలు ఆన్ అవ్వవు. ఫ్యాన్ తిరుగుతుంది, స్క్రీన్ నల్లగానే ఉంటుంది. బోర్డు పోయిందనుకుని జనం అమ్మేస్తారు.

దీని వెనక ఉన్న ఫిజిక్స్ మీరు ఇంటర్‌లో చదివిందే. అప్పటి రెండు ప్రాసెసర్లూ, చిప్‌సెట్టూ ఒకే బస్సు మీద ఉండేవి. బస్సు అంటే కొన్ని పదుల రాగి గీతలు, అందరికీ ఉమ్మడి దారి. వేగం 66 లేదా 100 మెగాహెర్ట్జ్. 100 మెగాహెర్ట్జ్ అంటే ఒక్కో టిక్కు 10 నానోసెకన్లు. బోర్డు మీద సిగ్నల్ ఒక నానోసెకనుకు సుమారు 15 సెంటీమీటర్లు పోతుంది. బోర్డు ఈ చివర నుంచి ఆ చివరకు పోయి, అక్కడ గోడ తగిలినట్టు తిరిగి వెనక్కి వస్తే, అదే టిక్కులో తర్వాత వచ్చే మాటతో కలిసిపోతుంది. చెరువు కాలవకు చివర తూము టపీమని మూసేస్తే నీళ్లు వెనక్కి తన్నుతాయి చూడండి, అదే. వెనక్కి తన్నకుండా చివర్లో ఆ అలని మింగేసేది ఒకటి ఉండాలి. ఆ మింగే పని రెసిస్టర్లది.

ఇంటెల్ వాడిన ఆ సిగ్నల్ పద్ధతికి జీటీఎల్ ప్లస్ అని పేరు. జీటీఎల్‌లో జీ అంటే గన్నింగ్. జిరాక్స్ పార్క్ ల్యాబులో పనిచేసిన విలియం గన్నింగ్ అనే ఇంజనీర్ పేరు మీద వచ్చింది. ఆ పద్ధతిలో ప్రతి గీతా రెండు చివర్లా రెసిస్టర్ ద్వారా 1.5 వోల్టులకు కట్టి ఉండాలి. పెంటియం 2 క్యాసెట్ లోపలే ఆ రెసిస్టర్లు ఉండేవి. రెండు క్యాసెట్లు గుచ్చితే రెండు చివరలూ సెట్. ఒకటి తీసేస్తే ఒక చివర తెగిన తాడులా వేలాడుతుంది. అందుకే ప్రాసెసర్ లేని చోట దాని రెసిస్టర్లు మాత్రం ఉన్న ఈ ఉత్త అట్ట.

ఇంకో చిప్పు చూద్దాం, తర్వాత హిస్టరీకి పోదాం. అదే మదనపల్లె కుప్పలో రెండు స్లాట్ల బోర్డు కూడా ఉండింది. మధ్యలో పెద్ద చిప్పు మీద 82443బీఎక్స్ అని ఉంది, అంటే 1998 ఏప్రిల్‌లో వచ్చిన 440బీఎక్స్ చిప్‌సెట్. పక్కన 82371 నంబరుతో సౌత్ బ్రిడ్జి. ఇవి రెండూ ఆ కాలం మామూలు పీసీల్లో కూడా ఉంటాయి. కానీ సౌత్ బ్రిడ్జి దగ్గర 64 కాళ్ల చిన్న చతురస్రం ఒకటి ఉంది, దాని మీద 82093ఏఏ అని రాసి ఉంది. ఈ నంబరు గుర్తు పెట్టుకోండి. ఆ తరం బోర్డుల్లో ఇది కనిపిస్తే, స్లాట్లు పీకేసి ఉన్నా సరే, అది డ్యూయల్ బోర్డు అని దాదాపు గట్టిగా చెప్పొచ్చు.

దీన్ని ఐఓ ఏపిక్ అంటారు. కీబోర్డు నొక్కినా, డిస్కు చదివినా, నెట్‌వర్క్ కార్డుకి డేటా వచ్చినా "అన్నా, ఇటు చూడు" అని ప్రాసెసర్‌ని పిలవాలి. ఆ పిలుపే ఇంటరప్ట్. పాత పీసీలో 8259 అనే ఇంటరప్ట్ కంట్రోలర్లు రెండు కలిసి 15 రకాల పిలుపులు మోసేవి, అన్నీ ఒక్క ప్రాసెసర్‌కే. రెండో ప్రాసెసర్ వచ్చిందంటే ఏ పిలుపు ఎవరికి పోవాలి? పంచిపెట్టే మనిషి కావాలి. 24 లైన్లతో ఆ మేస్త్రీ పని చేసేది ఈ 82093ఏఏ. దాన్ని బోర్డు మీద ఎక్కడ పెట్టారు, రెండో ప్రాసెసర్ ఉందా లేదా, ఈ వివరాలు ఆపరేటింగ్ సిస్టమ్‌కి ఎట్లా చెప్పాలి అని ఇంటెల్ ఒక రూల్ బుక్ రాసింది, దాని పేరు మల్టీప్రాసెసర్ స్పెసిఫికేషన్. పాత బయాస్ సెట్టింగుల్లో ఎంపీఎస్ 1.1, 1.4 అని ఒక ఆప్షన్ కనిపించేది. ఏంటో తెలియకుండానే మన అన్నలు దాన్ని అటూ ఇటూ మార్చి చూసేవాళ్లు. అది ఇదే.

ఒకే మెమరీని చాలా ప్రాసెసర్లు పంచుకోవడం అనే ఐడియా ఇంటెల్ కనిపెట్టింది కాదు. ఇక్కడ మన పాత చిత్తూరు జిల్లా మనిషి ఒకాయన వస్తారు. శ్రీకాళహస్తి దగ్గర కాటూరు అనే ఊళ్లో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి గారు, 1994 ట్యూరింగ్ అవార్డు విన్నర్. 1970ల్లో ఆయన అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో మాట గుర్తుపట్టే ప్రోగ్రాముల మీద పని చేస్తుంటే, అదే క్యాంపస్‌లో సీ డాట్ ఎంఎంపీ అనే యంత్రం కడుతున్నారు. 16 పీడీపీ-11 ప్రాసెసర్లు, అందరికీ ఒకే మెమరీ. రెడ్డి గారి టీమ్ చేసిన హియర్‌సే-2 అనే సిస్టమ్‌ని ఇట్లాంటి యంత్రాన్ని మనసులో పెట్టుకునే డిజైన్ చేశారు. ఒక భాగం శబ్దాలు చూస్తుంటే, ఇంకో భాగం పదాలు, ఇంకోటి వాక్యం చూస్తాయి. అందరూ తమకు తోచింది ఒకే నల్లబల్ల మీద రాస్తారు. మీరు ఫోన్‌తో తెలుగులో మాట్లాడితే టైప్ అయ్యే ముచ్చటకి ఇది తాత లాంటిది. సీ డాట్ ఎంఎంపీ గది నిండా ఉండేది. దాని చిన్న తమ్ముడు ఇరవై ఏళ్ల తర్వాత ఒక బోర్డు సైజుకి వచ్చి, ఇంకో పాతికేళ్లకి మదనపల్లె గుజిరీలో తేలాడు.

బోర్డు సైజుకి దించింది ప్రధానంగా 1995 నవంబర్‌లో వచ్చిన పెంటియం ప్రో. అంతకు ముందు కూడా రెండు పెంటియంల బోర్డులు ఉండేవి. కానీ అదనపు చిప్పులు లేకుండా నాలుగు ప్రాసెసర్ల దాకా ఒకే బస్సు మీద కలపగలిగింది పెంటియం ప్రో. దీర్ఘచతురస్రంగా, అగ్గిపెట్టె కంటే పెద్దగా, పింగాణీ బిళ్లలా ఉంటుంది. దానికి పట్టిన శని ఏంటంటే అందులో బంగారం ఎక్కువ. గుజిరీ లోకంలో దీని విలువ తెలిసినంతగా ఇంకే ప్రాసెసర్ విలువా తెలియదు. అందుకే ఒక్కటి కూడా మిగలదు. నాకు మూడు ఊళ్లలో ఒక్కటీ దొరకలేదు, ఖాళీ సాకెట్లు మాత్రం చూశా. ఒక మాట, ఎవరూ ఇంట్లో యాసిడ్ పోసి బంగారం తీసే వీడియోలు చూసి ట్రై చేయొద్దు. నైట్రిక్ యాసిడ్ పొగ ఊపిరితిత్తుల్ని తినేస్తుంది. మన దేశంలో ఈ-వేస్ట్ రూల్స్ 2012 మే నుంచి అమల్లో ఉన్నాయి, 2022లో కొత్తవి రాశారు. అయినా సందుల్లో ఈ పని నడుస్తూనే ఉంది.

పెంటియం ప్రో బోర్డు దొరికితే, సాకెట్ పక్కన ఇంకో వింత కార్డు ఉంటుంది. దాన్ని సౌండ్ కార్డు అని అమ్మజూపారు నాకు. చిన్న కార్డు, మీద రాగి తీగ చుట్టిన రింగులు, లావు కెపాసిటర్లు, ఒక్కోసారి అల్యూమినియం రెక్కలు. ఆడియో జాక్ లేకుండా సౌండ్ కార్డు ఎట్లా అవుతుందన్నా? అది వీఆర్ఎం, అంటే వోల్టేజ్ రెగ్యులేటర్ మాడ్యూల్. పవర్ సప్లై ఇచ్చే 5 లేదా 12 వోల్టుల్ని ప్రాసెసర్ తాగే 2, 3 వోల్టులకి దించుతుంది. ఎంతకి దించాలో ప్రాసెసరే చెప్తుంది. పెంటియం ప్రోకి దానికోసం నాలుగు పిన్నులు ఉండేవి, పెంటియం 2కి అయిదు. మొదట ఒకే ప్రాసెసర్‌తో సర్వర్ కొని, తర్వాత డబ్బులొచ్చాక రెండోది వేసుకునేవాళ్లకి రెండో వీఆర్ఎం కూడా విడిగా కొనాల్సొచ్చేది. ఇప్పుడు ఈ సర్క్యూట్ అంతా మదర్‌బోర్డు మీదే ఉంటుంది, ఫోన్‌లో అయితే గోరంత చిప్పు.

సరే, ఇన్ని బోర్డులు మన వైపు ఎట్లా వచ్చాయి? 1998ని ఒక గీతలా పెట్టుకోండి. మదనపల్లెలో మిట్స్ ఇంజనీరింగ్ కాలేజీ ఆ ఏడాదే మొదలైంది. రాష్ట్రంలో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్ని కార్డ్ అనే ప్రాజెక్ట్ కింద కంప్యూటరైజ్ చేయడం కూడా ఆ ఏడాదే. కుప్పంలో ద్రవిడ విశ్వవిద్యాలయం అంతకు ముందు సంవత్సరం, 1997లో వచ్చింది. 2002 ఫిబ్రవరిలో హెచ్‌పీ కంపెనీ కుప్పంలో ఐ-కమ్యూనిటీ అనే ప్రాజెక్ట్ మొదలుపెట్టింది. కంపెనీ బాస్ కార్లీ ఫియోరినా, అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు దాని వెనక ఉన్నారు. పల్లెల్లో కమ్యూనిటీ ఇన్ఫర్మేషన్ సెంటర్లు పెట్టారు, పొదుపు సంఘాల ఆడవాళ్లకి డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటర్, సోలార్ ఛార్జింగ్ ఇచ్చి ఫొటోగ్రాఫర్లుగా చేశారు. స్మార్ట్‌ఫోన్ రావడానికి చాలా ముందు ముచ్చట ఇది. ఆ అయిదారేళ్లలో ఊరూరా కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లు, డీటీపీ సెంటర్లు లేచాయి. పైగా ఈ మూడు ఊళ్లూ బెంగళూరుకి దగ్గర. కుప్పం అయితే బంగారుపేట, జోలార్‌పేట రైలు లైను మీదే ఉంది. బెంగళూరు ఆఫీసులు పాత సర్వర్లు తీసేస్తే, ఎస్పీ రోడ్డు మీదుగా సెకండ్ హ్యాండ్‌లో ఇటు దిగేవి. ఇప్పుడు అవే చివరి మజిలీకి చేరాయి.

కానీ ఇక్కడ ఒక కామెడీ ఉంది. డీటీపీ సెంటర్లలో అప్పుడు నడిచేది విండోస్ 98. అది రెండో ప్రాసెసర్‌ని చూడనే చూడదు. రెండు ప్రాసెసర్లున్న బోర్డు మీద విండోస్ 98 వేస్తే, రెండోది కరెంటు తాగుతూ ఊరికే కూర్చుంటుంది. రెండింటినీ వాడాలంటే ఎన్‌టీ 4 గానీ, 2000 గానీ ఉండాలి. లేదంటే లినక్స్. 1996 జూన్‌లో వచ్చిన లినక్స్ 2.0తో రెండు ప్రాసెసర్ల సపోర్ట్ మొదలైంది. అది కూడా మొదట్లో ఎట్లా ఉండేదంటే, కెర్నల్ మొత్తానికి ఒకే తాళం. ఒక ప్రాసెసర్ కెర్నల్ లోపల ఉంటే రెండోది గడప బయట నిలబడాలి.

రెండు ప్రాసెసర్ల మోజు స్టూడెంట్ల దాకా దిగింది సెలెరాన్ వల్ల. అది ఇంటెల్ వాళ్ల చవక ప్రాసెసర్, డ్యూయల్‌గా వాడకూడదు అని కంపెనీ మాట. కానీ సెలెరాన్ లోపలి సిలికాన్‌లో ఆ శక్తి ఉంది, బయటికి రావాల్సిన ఒక లైను మాత్రం కలపలేదు. స్లాట్ 1 సెలెరాన్ మీద బీ75 అనే పిన్ను దగ్గర డ్రిల్ చేసి, సన్న తీగ అతికించి, జనం రెండు సెలెరాన్లని జత కలిపారు. సెలెరాన్ సాకెట్ 370కి మారాక 1999లో ఏబిట్ అనే తైవాన్ కంపెనీ బీపీ6 అనే బోర్డు తెచ్చింది. రెండు సాకెట్లు, ఏ డ్రిల్లింగూ అక్కర్లేదు. చవకలో డ్యూయల్. తర్వాతి సెలెరాన్లలో ఇంటెల్ ఆ దారి పూర్తిగా మూసేసింది. బీపీ6 ఎక్కడైనా కనిపిస్తే ముందు కెపాసిటర్ల నెత్తి చూడండి. పూరీలా ఉబ్బి ఉంటే కరెంటు ఇవ్వొద్దు. ఆ కాలంలో తయారైన చాలా బోర్డుల్ని నాసిరకం కెపాసిటర్లు చంపేశాయి.

ఆ రోజుల నాటి ఇంకో వింత భాగం స్లాకెట్. చూడ్డానికి టెర్మినేటర్ లాగే 242 పళ్లు, కానీ మధ్యలో తెల్ల సాకెట్, పక్కన వోల్టేజ్ జంపర్లు. సాకెట్ ప్రాసెసర్‌ని స్లాటులో పెట్టుకోవడానికి అడాప్టర్ అన్నమాట. సాకెట్ ఉంటే స్లాకెట్, ఏమీ లేకుండా రెసిస్టర్లే ఉంటే టెర్మినేటర్.

ఇప్పుడు కుప్పం భాగం. ఇది మెమరీ కార్డులా ఉంది. మామూలు ర్యామ్ అంత పొడుగు, 184 పళ్లు, మధ్యలో దగ్గర దగ్గరగా రెండు గాట్లు. కానీ చిప్పులు లేవు, ఈసారి రెసిస్టర్లు కూడా లేవు. ఆ చివర నుంచి ఈ చివరకు వంకర టింకరగా గీతలు మాత్రం. ఇట్లాంటివి నాలుగు, రబ్బర్ బ్యాండ్ వేసి. దాంతో పాటు వచ్చిన బోర్డు మీద రెండు పెద్ద సాకెట్లు, పెద్ద చిప్పు మీద 82860. అంటే ఐ860 చిప్‌సెట్, 2001 నాటి జియాన్ బోర్డు. దీని మీద 82093ఏఏ కోసం వెతికితే దొరకదు, ఎందుకంటే అప్పటికి ఆ మేస్త్రీ పని సౌత్ బ్రిడ్జి లోపలికి వెళ్లిపోయింది.

ఈ బోర్డు ర్యామ్ పేరు ఆర్‌డీర్యామ్, రాంబస్ వాళ్లది. అందులో సిగ్నల్ ఒక స్లాటులోకి దూరి, మాడ్యూల్ మొత్తం తిరిగి, బయటికొచ్చి, పక్క స్లాటులోకి పోతుంది. టెర్మినేషన్ అన్నిటికన్నా చివర బోర్డు మీద ఉంటుంది. మధ్యలో ఒక స్లాటు ఖాళీ అయితే దారి తెగిపోతుంది. అందుకని ఖాళీ స్లాట్లలో ఈ ఉత్త కార్డులు గుచ్చాలి, వీటి పేరు కంటిన్యుటీ రిమ్. టెర్మినేటర్‌కీ దీనికీ పని పూర్తిగా ఉల్టా. అది అలని మింగుతుంది, ఇది అలని పోనిస్తుంది. మల్టీమీటర్ పెడితే తేడా వెంటనే తెలుస్తుంది. కంటిన్యుటీ కార్డులో ఆ పక్క పిన్నుకీ ఈ పక్క పిన్నుకీ మధ్య దాదాపు సున్నా ఓమ్‌లు. టెర్మినేటర్‌లో సిగ్నల్ పిన్నుకీ 1.5 వోల్టుల పిన్నుకీ మధ్య సుమారు 50 ఓమ్‌లు. వంద, రెండు వందల రూపాయల మీటర్ చాలు.

ఏఎండీ ఫ్యాన్స్ కామెంట్లలో అడుగుతారు కాబట్టి ఒక్క మాట. 2001లో వచ్చిన అథ్లాన్ ఎంపీ బోర్డుల్లో ఈ టెర్మినేటర్ గోల లేదు. అక్కడ రెండు ప్రాసెసర్లకీ ఉమ్మడి దారి లేదు, ఒక్కోదానికి చిప్‌సెట్ దాకా సొంత దారి.

ఇక ఈ ఎపిసోడ్ చేయడానికి అసలు కారణం పుంగనూరు. ఆవుల కోసం వెళ్లానేమో అనుకుంటారు, కాదు. అక్కడ ఒక చిన్న ప్రింటింగ్ ప్రెస్ ఉంది. ఓనర్ పెద్దాయన, అందరూ మాస్టర్ అంటారు, నేనూ అట్లే పిలిచా. 2003 ప్రాంతంలో బెంగళూరు నుంచి సెకండ్ హ్యాండ్‌లో రెండు పెంటియం 3ల సర్వర్ తెచ్చుకుని, విండోస్ 2000 వేసి, అయిదేళ్ల పాటు ప్రెస్ పని అంతా దాని మీదే చేశారు. పెళ్లి పత్రికలు, స్కూల్ వార్షికోత్సవాల సావనీర్లు, సుగుటూరు గంగమ్మ జాతర కరపత్రాలు, ఎలక్షన్ పాంప్లెట్లు, చనిపోయినవాళ్ల పెద్దకర్మ కార్డులు. తర్వాత కొత్త పీసీ వచ్చింది, ఇది మూల కూర్చుంది. ఎప్పుడో ఎవరో ఒక ప్రాసెసర్ అడిగితే పీకి ఇచ్చేశారంట. "ఒకటి తీసినా ఇంకోటి ఉంది కదా నాయనా, నడవాల కదా" అన్నారు మాస్టర్. న్యాయంగా నడవాలి. మీరు ఇంత దూరం చదివారు కాబట్టి ఎందుకు నడవదో మీకు తెలుసు. ప్రెస్‌కి వచ్చే గుజిరీ వ్యాన్ కోసం దాన్ని గడప దగ్గర పెట్టేసి ఉన్నారు.

డిస్కు పీకి వేరే పీసీకి తగిలించొచ్చు కదా అంటారు. అది స్కజీ డిస్కు, 9.1 జీబీ, 68 పిన్నుల కేబుల్. సాటా, ఐడీఈ డిస్కులకి దొరికినట్టు వీటికి అంగట్లో యూఎస్‌బీ కన్వర్టర్ దొరకదు. ఆ డిస్కుని చదవగలిగే అడాప్టెక్ చిప్పు ఆ మదర్‌బోర్డు మీదే ఉంది. కాబట్టి బోర్డుని లేపడమే సులువైన దారి.

ముందు కెపాసిటర్లు చూశాం, బాగున్నాయి. దుమ్ము దులిపాం. నాణెం బ్యాటరీ మార్చాం. మిగిలిన ప్రాసెసర్‌ని మొదటి స్లాటులో ఉంచి, రెండో స్లాటులో మదనపల్లె నుంచి తెచ్చిన టెర్మినేటర్ గుచ్చాం. మెమరీ లెక్క స్క్రీన్ మీద తిరిగింది. కానీ డిస్కు కనపడలేదు. మాస్టర్ మొహం చూడలేకపోయా. కేబుల్ చూస్తే చివరి కనెక్టర్ ఖాళీగా వేలాడతా ఉంది. స్కజీకి కూడా అదే ఫిజిక్స్, కేబుల్ చివర సిగ్నల్‌ని మింగే ముక్క ఉండాలి. దాని పేరు కూడా టెర్మినేటరే. అగ్గిపెట్టెంత ముక్క, చూస్తే పనికిరాని ప్లగ్గులా ఉంటుంది. స్క్రూలు, పాత మౌస్ బంతులు వేసిన హార్లిక్స్ సీసా ఒకటి ఉంది ప్రెస్‌లో, అందులో దొరికింది. అది పెట్టాక డిస్కు పేరు స్క్రీన్ మీద పడింది, విండోస్ 2000 లేచింది. రెండు ప్రాసెసర్ల కోసం ఇన్‌స్టాల్ చేసిన విండోస్ అయినా, ఒక్కదాంతో అలుగకుండా నడుస్తుంది. టాస్క్ మేనేజర్‌లో రెండు గ్రాఫుల చోట ఒకటే కనిపిస్తుంది, అంతే తేడా.

పేరు తెలియని బోర్డు మీ చేతికొస్తే ఎట్లా చూడాలో కూడా ఇక్కడే చెప్పేస్తా, ఎందుకంటే మాస్టర్ బోర్డు మీద కంపెనీ పేరు లేదు. కేసు మీద స్టిక్కర్‌ని నమ్మొద్దు, లోపల బోర్డు ఎప్పుడో మారి ఉంటుంది. స్లాట్ల మధ్య, అంచుల దగ్గర తెల్ల అక్షరాలతో మోడల్, రివిజన్ అచ్చేసి ఉంటుంది, టార్చి పక్క నుంచి వేసి చూడండి. చిప్పుల మీద నాలుగంకెల తేదీ కోడ్ ఉంటుంది. 9847 అంటే 1998లో 47వ వారం. అన్ని చిప్పుల్లో లేటెస్ట్ తేదీ ఏదో, బోర్డు దాని తర్వాతే తయారైంది. అవార్డ్ బయాస్ అయితే ఆన్ చేసిన వెంటనే స్క్రీన్ కింద ఎడమ పక్క ఒక పొడుగు కోడ్ వస్తుంది, పాజ్ బటన్ నొక్కి ఆపి ఫొటో తీయండి. అందులో 2ఏ69కే అని ఉంటే 440బీఎక్స్, దాని వెనకే ఏ1 అని ఉంటే ఏబిట్ కంపెనీ. ఇట్లా ప్రతి కంపెనీకీ రెండక్షరాల గుర్తు ఉంది. ఇవన్నీ అయ్యాక, తెలియని భాగం నుంచి గీతలు ఏ చిప్పు వైపు పోతున్నాయో చూడండి. పేరు కంటే ముందు పని తెలుస్తుంది.

ఈ టెర్మినేటర్లు లోకంలోంచి పోయాయనుకోవద్దు. డీడీఆర్2 కాలం నుంచి మెమరీ చిప్పు లోపలే టెర్మినేషన్ పెట్టడం మొదలైంది. 2005లో పెంటియం డీ, అథ్లాన్ 64 ఎక్స్2 వచ్చి రెండు ప్రాసెసర్లని ఒకే ప్యాకేజీలో పెట్టేశాయి. 2011కల్లా డ్యూయల్ కోర్ ఫోన్లు అంగట్లోకి వచ్చాయి. ఇప్పుడు మీ ఫోన్‌లో ఆ ఉత్త అట్ట పని చేసే రెసిస్టర్లు సిలికాన్ లోపల ఉన్నాయి, అవసరాన్ని బట్టి ఆన్, ఆఫ్ అవుతూ. గుజిరీలో అవి ఎవరికీ దొరకవు.

మాస్టర్ డిస్కులో 3 జీబీ దాకా పని ఉంది. ఆ బోర్డుకి ఉన్నది యూఎస్‌బీ 1.1, సెకనుకి మహా అంటే ఒక ఎంబీ. పెన్ డ్రైవ్‌లోకి కాపీ అయ్యేలోపు రెండు టీలు, ఒక భోజనం అయింది. అసలు చిక్కు తర్వాత వచ్చింది. అన్నీ పేజ్‌మేకర్ 6.5 ఫైళ్లు, అను ఫాంట్లలో టైప్ చేసినవి. అప్పటికి యూనికోడ్ వాడకం లేదు కదా. ఫోన్‌లో తెరిస్తే తెలుగు చోట చైనా వంటకం పేరులా ఏదో కనపడుతుంది. అందుకే ఆ పాత మెషీన్ మీదే ఒక్కో ఫైలూ తెరిచి, పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలుగా ప్రింట్ కొడుతున్నాం. అట్లా కొడితే అక్షరాల ఆకారాలు ఫైలు లోపలే ఇమిడిపోతాయి, కొత్త ల్యాప్‌టాప్‌లో పీడీఎఫ్ చేసుకోవచ్చు. ఆదివారాలు మాత్రమే కుదురుతా ఉంది. ఇప్పటికి 2004, 2005 జాతర కరపత్రాలు అయ్యాయి. 2006 ఫోల్డర్లో సగం పెద్దకర్మ కార్డులే. మాస్టర్ ఒక్కో కార్డు తెరిచినప్పుడల్లా ఆ మనిషి ఎవరో, ఏ వీధో చెప్తూ ఉండటం వల్ల పని నెమ్మదిగా సాగుతోంది.